రెండో ఆదివారం

మా అమ్మ థియేటర్‌కి వెళ్లి సినిమా చూసి పదేళ్లు దాటిపోయింది. ఫలానా సినిమా చూడాలని ఆమె అడగడం నాకు పెద్దగా గుర్తులేదు. అలాంటిది 2019 జూన్‌లో తనే ఫోన్ చేసి అడిగింది. "గా ఆసు మిషిని పిల్లగాని సిన్మ వచ్చిందట గద, నన్ను తోల్కపోతవా బిడ్డా?"

'మల్లేశం' ఆ నెల 21న, శుక్రవారం విడుదలైంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన కథ. ఆసు అంటే తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. మా వైపు టై అండ్ డై చీరలకి రంగు అద్దే ముందు నూలుని ఒకవైపున్న మేకు నుంచి, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల మీదికి పోగు పోగుగా చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఇంజనీరింగ్‌లో చేరేదాకా మా అమ్మ ఆసు పోసింది. ఇప్పటికీ ఆమె కుడి చెయ్యి భుజం దాటి లేవదు. పై అరలో డబ్బా అందుకోవాలంటే ఎడమ చెయ్యే ఎత్తుతుంది.

మొదటి ఆదివారం నేను వెళ్లలేకపోయాను. ఆ వారం మాకూ రిలీజే. సినిమా కాదు, సాఫ్ట్‌వేర్. శని, ఆదివారాలు రెండూ ఆఫీసులోనే గడిచిపోయాయి. "వచ్చే ఐతారం పక్కా అమ్మా" అన్నాను. జూన్ 30న పొద్దున్నే హైదరాబాద్‌లో బయలుదేరి, చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ చేరేసరికి పది దాటింది. అమ్మ మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఒక్కతే కాదు, మా వాడకట్టులో ఇంకో ఇద్దరిని కూడా బయలుదేరదీసింది. వాళ్లూ ఒకప్పుడు ఆసు పోసినవాళ్లే. నలుగురం కారులో థియేటర్‌కి వెళ్లాం. అక్కడ వేరే సినిమా పోస్టర్ ఉంది.

లోపలికి వెళ్లి మేనేజర్‌ని అడిగాను. "బేస్తారం రాత్రే ఎత్తేసినం సార్. మొన్న ఐతారం మంచిగనే వచ్చిండ్రు జనం. సోమారం సంది పల్చబడ్డది" అన్నాడు. ఒక్క ఆటన్నా ఉంచాల్సింది కదా అంటే నవ్వాడు. "ఉంచుడు నా చేతుల ఉంటదా సార్? పైనుంచి ఏ బొమ్మ వస్తే గదే ఏస్తం. మీరు ఇట్ల వారం ఆగి వస్తరని ఎవలకు తెలుసు?"

నిజమే, ఎవరికి తెలుసు? కారులో తిరిగి వస్తుంటే అమ్మేమీ అనలేదు. వెనక కూర్చున్న ఆమె మాత్రం "మన బతుకు మీద తీసిన సిన్మ గూడ మనం వచ్చేదాక ఆగదా?" అని నవ్వింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మా జిల్లాలు సినిమాలకి కథలివ్వడంలో ఎప్పుడూ వెనకబడలేదు. నల్లగొండ పేరు చెప్పగానే గుర్తొచ్చే సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీశాడు. శ్యామ్ బెనెగల్ 'మండీ' కోసం భువనగిరికి వచ్చాడు. 1987లో ఆయనే ఓం పురి, షబానా ఆజ్మీలతో 'సుస్మన్' తీశాడు. అది అచ్చంగా పోచంపల్లి నేతగాళ్ల కథ. మా అమ్మ ఆ పేరు కూడా వినలేదు. ఆమె పని మీద ముప్పై ఏళ్ల తేడాతో రెండు సినిమాలొచ్చాయి, రెండూ ఆమె తెరమీద చూడలేదు. మొదటిది ఆమె దాకా రాలేదు. రెండోది వచ్చింది గానీ ఆమె వెళ్లేదాకా ఆగలేదు.

ఆ తర్వాత నాకో అలవాటు పట్టుకుంది. ఏదైనా ప్రోగ్రామ్ అనుకున్నట్టు పనిచేయకపోతే ముందు కోడ్ చదువుతాం కదా, అలాగే సినిమా హాళ్ల మీద ప్రభుత్వం పెట్టిన నియమాలు చదవడం మొదలుపెట్టాను. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడాలో ఎవరు నిర్ణయిస్తారన్నది నా ప్రశ్న.

రాజ్యాంగం సినిమాను రెండు భాగాలు చేసింది. సర్టిఫికెట్ ఇవ్వడం కేంద్రం పని, ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 60వ అంశం. హాళ్లు, ప్రదర్శన రాష్ట్రం పని, రాష్ట్ర జాబితాలో 33వ అంశం. మనకి 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దానికింద 1970లో చేసిన నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం బి-ఫారం లైసెన్సు లేకుండా ఆట వేయకూడదు. తలుపులు, కుర్చీల వరసలు, మరుగుదొడ్లు, మంటలార్పే ఏర్పాట్లు, ఆటల వేళలు, టికెట్ ధరలు, అన్నిటికీ ఓ లెక్కుంది. ఏ సినిమా వేయాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రభుత్వం నోరు మెదపదు. అది వ్యాపారం, మాకు సంబంధం లేదన్నట్టు ఉంటుంది.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టాక, దేశంలో ప్రతి హాలూ అసలు సినిమాకి ముందు దాని న్యూస్‌రీలో డాక్యుమెంటరీయో వేసి తీరాల్సి వచ్చేది. వేసినందుకు హాలుకి డబ్బులివ్వడం కాదు, హాలే తన వసూళ్లలో ఒక శాతం దాకా అద్దె కట్టాలి. హాళ్లవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జనానికి తెలియాల్సింది చూపించమనడం తప్పు కాదని 1999లో కోర్టు తేల్చింది. కోర్టు సంగతి అలా ఉంచి మా నాయినని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "న్యూస్ రీలు అంటే బయట బీడీ తాగే టైం."

ఇందులోనే ఒక పాఠం ఉంది. బలవంతంగా తెరనైతే ఇవ్వొచ్చు గానీ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టలేం. కాబట్టి 'చిన్న సినిమాలకి కోటా పెట్టండి, అంతా సర్దుకుంటుంది' అని నేను అనలేను. వేరేచోట్ల ఏమైందో చూస్తే ఆ ధైర్యం ఇంకా తగ్గుతుంది. దక్షిణ కొరియాలో ప్రతి హాలూ ఏడాదికి 146 రోజులు స్వదేశీ సినిమా వేయాలన్న నియమం ఉండేది. అమెరికాతో వాణిజ్య ఒప్పందం కోసం 2006 జూలైలో దాన్ని 73కి తగ్గించారు. సరిగ్గా అదే నెలలో 'ది హోస్ట్' అనే కొరియన్ సినిమా 600 పైచిలుకు తెరల మీద దిగింది. కోటా లెక్కలో అదీ స్వదేశీ సినిమానే. మన భాష సినిమాను కాపాడటం, రకరకాల సినిమాలను కాపాడటం ఒకటి కాదన్నమాట. మహారాష్ట్ర 2015లో మల్టీప్లెక్సులు సాయంత్రం ఆటల్లో మరాఠీ సినిమా వేయాలని ప్రకటించి, గొడవయ్యాక మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 లోపు ఎప్పుడైనా సరేనంది. 2022 మార్చి 7న ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన 13వ నంబరు జీవో రోజుకి ఐదు ఆటలకి అనుమతించి, వాటిలో ఒకటి 20 కోట్ల లోపు సినిమాకి, అదీ ఉదయం 11 నుంచి రాత్రి 9 మధ్య ఉండాలంది. మాట మంచిదే. కానీ చిన్న సినిమా అంటే బడ్జెట్ ఒక్కటేనా? పెద్ద పంపిణీదారు చేతిలో ఉన్న 20 కోట్ల లోపు సినిమా, ఎవరూ లేని 2 కోట్ల సినిమా ఒకే గంపలో పడితే ఆ ఆట ఎవరికి దక్కుతుందో చెప్పనక్కర్లేదు.

పోనీ, ధరలు తగ్గిస్తే? అదీ చూశాం. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 35వ నంబరు జీవో ఇచ్చి, గ్రామాల్లోని మామూలు హాళ్లలో టికెట్ 5, 10, 15 రూపాయలే అంది. కరెంటు బిల్లు కూడా రాదని కొన్ని హాళ్లు మూసేసుకున్నారు. హాలే మూతపడితే ఇక ఏ రకం సినిమా ఉంటుంది?

ఇక మన దగ్గర. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబర్ 21న 120వ నంబరు జీవో ఇచ్చింది. జీఎస్టీ కాకుండా ఏసీ హాళ్లలో 50 నుంచి 150, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250. ఇది మామూలు రోజుల లెక్క. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా దీనిమీద ఇంకో ఉత్తర్వు వస్తుంది. 'పుష్ప 2'కి 2024 డిసెంబర్ 4 రాత్రి ఆటకి టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చన్నారు. తర్వాత డిసెంబర్ 23 దాకా మెట్లు దిగుతున్నట్టు తగ్గిస్తూ పెంపు ఇచ్చారు. ఆ 4వ తేదీ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. తాను ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం ఇక బెనిఫిట్ షోలూ, ధరల పెంపూ ఉండవని డిసెంబర్ 21న రేవంత్ రెడ్డి అసెంబ్లీలో అన్నారు. మూడు వారాలు తిరక్కుండానే 'గేమ్ చేంజర్'కి పెంపు వచ్చింది. హైకోర్టులో ప్రశ్నలు ఎదురయ్యాక వెనక్కి పోయింది.

ఇక్కడ మా వాళ్లు గర్వపడే సంగతొకటి చెప్పాలి. ముఖ్యమంత్రిది కొండారెడ్డిపల్లి, అంటే ఉమ్మడి పాలమూరు. 2023 డిసెంబర్‌లో సినిమాటోగ్రఫీ శాఖ తీసుకున్న కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి నల్లగొండ ఎమ్మెల్యే. తెలుగు సినిమా ఏ వేళకి, ఏ ధరకి ఆడాలన్న కాగితాలు మా రెండు జిల్లాల వాళ్ల చేతుల మీదుగానే నడిచాయన్నమాట. వాటి మీద సంతకం పెట్టేటప్పుడు చూడాల్సింది ధర ఒక్కటే కాదని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

పెంపు మీద గొడవంతా 'సామాన్యుడి జేబు' గురించే జరుగుతుంది. జేబు సంగతి నిజమే. మా అత్తగారిది మహబూబ్‌నగర్. 'పుష్ప 2' మొదటి ఆదివారం అక్కడే మల్టీప్లెక్సులో నలుగురం చూశాం, టికెట్లకే 2,000 దాటింది. బలవంతం ఎవరూ చేయలేదు, నేనే ముందు రోజు ఫోన్‌లో బుక్ చేశాను, నచ్చింది కూడా. ఆ నెల మేమిక ఇంకో సినిమాకి పోలేదు. మా బామ్మర్ది "బావా, ఈ నెల సినిమా బడ్జెట్ ఖతం" అన్నాడు. మాకా 2,000 లేక కాదు. సినిమా కోసం మనసులో ఇంత అని ఒకటి అనుకుంటాం కదా, అది అయిపోయింది.

జేబు కన్నా పెద్ద విషయం పెంపు ఇచ్చే తీరులో ఉంది. పెంపు ఎప్పుడూ మొదటి వారానికో, రెండు మూడు వారాలకో ఉంటుంది. మొదటి నాలుగు రోజులు ఎక్కువ, తర్వాత తక్కువ, ఆ తర్వాత మామూలు ధర. అదనపు ఆటలూ ఆ రోజుల్లోనే. అలాంటప్పుడు నిర్మాత ఏం చేస్తాడు? ఆ నాలుగు రోజుల్లో వీలైనన్ని తెరలు పట్టుకుంటాడు. పట్టుకోకపోతే తెలివితక్కువ. అంటే 'ఎంత తొందరగా, ఎన్ని ఎక్కువ తెరల మీద పడితే అంత లాభం' అన్న లెక్కని ప్రభుత్వమే కాగితం మీద రాసిస్తోంది. ఏ సినిమా వేయాలో మేం చెప్పం అంటూనే ఏది తీసేయాలో చెబుతోంది. ఆ వారం ముందు వచ్చి, నోటిమాటతో నెమ్మదిగా నిలబడుతున్న సినిమా గురువారం రాత్రి దిగిపోతుంది.

చిన్న సినిమాకి కావలసింది ఎక్కువ తెరలు కాదు, ఎక్కువ రోజులు. దానికి పోస్టర్లూ ప్రకటనలూ అంతంతమాత్రం. చూసినవాళ్లు చెబితే విని వచ్చేవాళ్లే దాని ప్రేక్షకులు. విని, పని చూసుకుని, తోడు వెతుక్కుని రావడానికి వారం పడుతుంది. మా అమ్మకి అంతే పట్టింది. 2024 సంక్రాంతికి 'హనుమాన్'కి హైదరాబాద్‌లో హాళ్లు దొరకలేదని పెద్ద రచ్చయింది. ఒప్పుకున్న హాళ్లు కూడా వేయడం లేదని నిర్మాతల మండలే ప్రకటన ఇచ్చింది. అయినా నిలబడి, రోజురోజుకీ తెరలు పెంచుకుంది. దాని వెనక గట్టి పంపిణీదారు ఉన్నాడు కాబట్టి ఆగగలిగింది. ఎవరూ లేనిది ఆగలేదు.

మా వృత్తిలో ఈ జబ్బుకి పేరుంది. ఒకే ప్రాసెసర్ మీద చాలా పనులు నడవాలి. ఎప్పుడూ పెద్ద పనికే ముందు వంతు ఇస్తూ పోతే చిన్న పని వరసలో నిలబడి నిలబడి ఎప్పటికీ నడవదు. దీన్ని స్టార్వేషన్ అంటారు, ఆకలిచావన్నమాట. దీనికి మందు పెద్ద పనిని ఆపడం కాదు. చిన్న పని వరసలో ఎంతసేపు నిలబడితే దాని వంతు అంత ముందుకి జరుపుతారు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే ప్రతి పిల్లవాడికీ ఈ సంగతి తెలుసు.

పెంపు అసలు ఇవ్వొద్దని కూడా నేననను. పెద్ద సినిమా తెచ్చే డబ్బుతోనే మా ఊరి హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అది మూతపడితే 'మల్లేశం'కి ఆ ఒక్క వారం కూడా ఉండదు. అద్దెల పద్ధతి గిట్టుబాటు కావడం లేదు, వసూళ్లలో శాతం కావాలని 2025 మే నెలలో హాళ్లవాళ్లు మూసివేత దాకా వెళ్లింది ఊరికే కాదు. నేనడిగేది ఒక్కటే. పెంపు ఇచ్చే జీవోలోనే ఇంకో వాక్యం రాయండి. 'ఈ పెంపు ఉన్నన్ని రోజులూ, ఒకటికి మించి తెరలున్న ప్రతిచోటా ఒక ఆట, మామూలు ధరకి, అప్పటికే ఆడుతున్న వేరే సినిమాదే.' పొద్దున ఎనిమిదింటి ఆట కాదు, మధ్యాహ్నమో సాయంత్రమో. జనం రాకపోతే వచ్చేవారం తీసేయండి. పెంపు ప్రభుత్వం ఇచ్చే వరం కాబట్టి షరతు పెట్టే హక్కూ ప్రభుత్వానికే ఉంది.

రెండోది కాస్త ఖర్చుతో కూడింది. కేరళలో ప్రభుత్వ సంస్థ కేఎస్ఎఫ్‌డీసీకి సొంత హాళ్లున్నాయి. తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అందరికీ తెలిసినవే. మనకి రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, శనివారాల్లో అక్కడ మంచి సినిమాలు చూశాను. కానీ అది హైదరాబాద్. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో వంద కుర్చీల తెర ఒక్కటి ఉంటే చాలు. హాళ్లలోంచి గురువారం దిగిపోయిన సినిమా శుక్రవారం అక్కడికి చేరాలి. జనం రారనుకుంటారేమో, 2023లో 'బలగం'ని తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కూర్చుని చూసింది. అది ఓటీటీలో దొరుకుతున్నప్పుడే చూసింది. ఫోన్‌లో దొరికే సినిమా కోసం చాపలేసుకుని కూర్చున్నారంటే, వాళ్లకి కావలసింది కథ ఒక్కటే కాదు.

ఈ సంగతి నాకు అర్థమైంది మా ఇంట్లోనే. 'మల్లేశం' ఓటీటీలోకి వచ్చాక టీవీలో పెట్టి అమ్మని కూర్చోబెట్టాను. తల్లి వేషంలో ఝాన్సీ ఆసు పోస్తుంటే అమ్మ తన కుడి భుజం నిమురుకుంటోంది. నేను సినిమా వదిలేసి ఆమెనే చూస్తున్నాను. ఇంతలో కుక్కర్ కూత పెట్టింది, లేచి వెళ్లింది. తిరిగొచ్చి కాసేపు చూసింది. పాలవాడు వచ్చాడు, మళ్లీ లేచింది. మొత్తానికి సగం సినిమా చూసింది.

"ఎట్లుందమ్మా?" అన్నాను.

"మంచిగనే తీసిండ్రు. గని ఇంట్ల జూస్తే ఇంటి పనే యాదికొస్తది బిడ్డా. ఆళ్లిద్దరు గూడ ఉంటే మంచిగుండు."

ఆ ఇద్దరితో కలిసి, చీకట్లో, పని లేని మూడు గంటలు. ఆమె అడిగింది అదే. సర్టిఫికెట్టూ, బి-ఫారమూ, ధరల పట్టికా అన్నీ ఉన్న వ్యవస్థలో ఆ మూడు గంటలకి చోటు లేకపోయింది.

ఈమధ్య ఏదో సినిమా గురించి చెబుతూ, వీలు చూసుకుని తీసుకెళ్తానన్నాను. అమ్మ మధ్యలోనే ఆపేసింది. "పోతే మొదటి ఐతారమే పోదాం. రెండో ఐతారం ఉండది."

ఏ జీవో చదవకుండానే ఆమెకి నియమం తెలిసిపోయింది.